ముద్ద దిగడం లేదా? చావనని మొండికేసిన కణాల కథ

అన్నవాహికలో క్యాన్సర్ మొదలైతే ఆ సంగతి ముందుగా కంచంలో కనిపిస్తుంది. తొలుత జంతికలు, పకోడీలు మానేస్తారు. తర్వాత చపాతీ, గట్టి దోసె. మాంసం ముక్కను నమిలి నమిలి పక్కన పెట్టేస్తారు. ముద్ద ముద్దకీ గుక్కెడు నీళ్లు తాగడం అలవాటవుతుంది. ఇంకొన్ని వారాలకు మజ్జిగన్నం జారుగా పిసుక్కోవడం, ఆపైన జావ. ‘పెద్దవయసు, పళ్లు కూడా కదిలిపోయాయి’ అని ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు. ఛాతీ మధ్యలో పట్టేసినట్టుందంటే గ్యాస్ అనుకుని మందుల షాపు నుంచి మాత్రలు తెస్తారు. జావ కూడా దిగని రోజున ఆసుపత్రికి వస్తారు. అప్పటికే మనిషి సగమై ఉంటాడు.

ఇంత ఆలస్యానికి అన్నవాహిక నిర్మాణం కూడా కారణమే. గొంతు నుంచి పొట్ట దాకా సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే ఈ కండర గొట్టం బాగా సాగుతుంది. లోపలి దారి సగానికి పైగా మూసుకుపోయేదాకా ముద్ద దిగుతూనే ఉంటుంది. పైగా పేగులకు ఉన్నట్టు దీనికి వెలుపల గట్టి పొర లేదు. కాబట్టి లోపల పుట్టిన గడ్డ పక్కనున్న శ్వాసనాళానికి, లింఫు గ్రంథులకు త్వరగా పాకుతుంది.

ఇక ముక్క పరీక్ష రిపోర్టు వచ్చాక రెండో భయం మొదలవుతుంది. ఒకప్పుడు ఆ కాగితం మీద ‘స్క్వామస్ సెల్ కార్సినోమా’ అని ఒక్క లైను ఉండేది. ఇప్పుడు పీ53, పీడీ-ఎల్1, సీపీఎస్ లాంటి మాటలు, వాటి పక్కన అంకెలు ఉంటున్నాయి. ఫోనులో వెతికితే పీడీ అంటే ‘ప్రోగ్రామ్డ్ డెత్’ అని వస్తుంది. ‘ఇందులో డెత్ అని రాసుందేంటండీ డాక్టరుగారూ? రోజులు లెక్కపెట్టేశారా?’ అని కాగితం చేతిలో పట్టుకుని అడుగుతారు.

ఆ మాట మనిషి చావు గురించి కాదు, కణం చావు గురించి. క్యాన్సర్ గడ్డలో అసలు లోటు కూడా అదే. అక్కడి కణాలు చావాల్సిన వేళకు చావడం లేదు.

రోజూ రాలే ఆకులు

మన ఒంట్లో రోజుకు వేల కోట్ల కణాలు తమంతట తామే చనిపోతాయి. దెబ్బ తగిలి చీము పట్టి చచ్చే చావు కాదిది. కణం ముడుచుకుని, తన సామాను తానే మూటలు కట్టుకుని, ఆ మూటలను పక్క కణాలు మింగేసేలా నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది. వాపు రాదు, నొప్పి ఉండదు. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలస్టెయిర్ కర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీనికి ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకులు రాలడాన్ని గ్రీకు భాషలో ఆ మాటతో చెబుతారు. మనమైతే ‘ఆకురాలు’ అనేవాళ్లం.

తల్లి కడుపులో బిడ్డ చెయ్యి మొదట తెడ్డులా ఉంటుంది. వేళ్ల మధ్య కణాలు రాలిపోబట్టే అయిదు వేళ్లు విడివడతాయి. కప్పపిల్ల తోక పోయేదీ ఇలాగే. ఒక మిల్లీమీటరు పొడవుండే సన్నటి నులిపురుగు తయారయ్యేటప్పుడు దాని ఒంట్లో 1,090 కణాలు పుడితే, అందులో సరిగ్గా 131 చచ్చిపోతాయి. ప్రతి పురుగులోనూ అవే కణాలు, అదే వేళకు. ఈ చావును నడిపే జన్యువులను ఆ పురుగులోనే పట్టుకున్నందుకు సిడ్నీ బ్రెన్నర్, రాబర్ట్ హార్విట్జ్, జాన్ సల్స్టన్‌లకు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి కణానికి చావమని ఎవరు చెబుతారు? గోదావరి కాలువల మీద లాకులు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే చిన్న సంచులుంటాయి. ఆ సంచుల్లో సైటోక్రోమ్-సి అనే పదార్థం కట్టడిలో ఉంటుంది. అది బయటికి పొర్లిందంటే కణం పని అయిపోయినట్టే. లాకు దగ్గర లస్కరు తలుపులు దించి నీటిని ఆపినట్టు, బీసీఎల్-2 అనే ప్రొటీన్ ఆ సంచి తలుపులు మూసి ఉంచుతుంది. బ్యాక్స్ అనే మరో ప్రొటీన్ తలుపులు ఎత్తడానికి చూస్తుంటుంది. ఎత్తితే సైటోక్రోమ్-సి పొర్లుతుంది, వెంటనే కాస్పేస్‌లు అనే కత్తెర ప్రొటీన్లు మేల్కొని కణాన్ని లోపలి నుంచి ముక్కలు చేస్తాయి. బ్యాక్స్‌దా, బీసీఎల్-2దా, ఎవరిది పైచేయి అన్నదాని మీదే ఆ కణం బతుకో చావో తేలుతుంది.

తలుపులు ఎత్తమని ఉత్తర్వు ఇచ్చేవాటిలో ముఖ్యమైనది పీ53. 1979లో కనిపెట్టారు. కణంలోని డీఎన్ఏ దెబ్బతిన్నదని తెలియగానే ఇది కణ విభజన ఆపిస్తుంది. బాగుచేసే వీలుంటే బాగు చేయిస్తుంది, లేకపోతే చావమంటుంది. మనకు ఈ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఏనుగుకైతే ఇలాంటి ప్రతులు ఒక్కో వైపు నుంచి 20 దాకా ఉన్నాయని 2015లో తేలింది. అంత పెద్ద ఒళ్లు, అన్ని కణాలు ఉన్నా ఏనుగుకు క్యాన్సర్ అరుదుగా రావడానికి ఇదొక కారణమని భావిస్తున్నారు. మనకున్న రెండింటినీ మనం చుట్ట పొగకు అప్పగిస్తున్నాం.

చుట్ట, మందు, మండే టీ

గోదావరి లంకల పొగాకుకు పేరుంది. ఆ పొగాకుతో చుట్టిన లంక చుట్ట తాగే పెద్దాయన లేని వీధి ఒకప్పుడు మా డెల్టాలో ఉండేది కాదు. చుట్ట పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చం కాబట్టి ప్రమాదం లేదని చాలామంది నమ్మకం. పొగలోని రసాయనాలు ఉమ్మిలో కరుగుతాయి. ఉమ్మిని రోజంతా మింగుతూనే ఉంటాం. అది వెళ్లే దారి అన్నవాహికే. నమిలే ఖైనీ, నిషేధం ఉన్నా ఎక్కడో ఒకచోట దొరుకుతున్న గుట్కాల సంగతి వేరే చెప్పాలా? సారా అయినా, ఖరీదైన విస్కీ అయినా ఒంట్లో ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. అదీ డీఎన్ఏను దెబ్బతీసేదే. పొగాకు, మందు రెండూ ఉన్న మనిషికి ముప్పు ఒకటికి ఒకటి కలిపినట్టు ఉండదు, హెచ్చవేసినట్టు పెరుగుతుంది. ఇక 65 డిగ్రీలు దాటిన వేడితో తాగే పానీయాలను క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో చేర్చింది. టీ మానక్కర్లేదు. పొయ్యి మీంచి దించిన టీని అలాగే గొంతులో పోసుకోవడం మానితే చాలు.

2018లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆరోగ్యవంతుల అన్నవాహిక పొరను ముక్కలు ముక్కలుగా పరీక్షించి ఒక వింత చూశారు. పైకి ఏ జబ్బూ లేదు. కానీ నడివయసు వచ్చేసరికి ఆ పొరలో 2 నుంచి 37 శాతం కణాల్లో పీ53 జన్యువు అప్పటికే మారి ఉంది. నాచ్1 అనే ఇంకో జన్యువు 12 నుంచి 80 శాతం కణాల్లో మారిపోయింది. అంటే వయసు మళ్లిన మన అన్నవాహిక రకరకాల మాసికలు వేసిన బొంత లాంటిది. అయినా అందరికీ క్యాన్సర్ రాదు. మాసికలు పెరగడాన్ని పొగాకు, మద్యం వేగవంతం చేస్తాయని మరుసటి ఏడాది జపాన్ పరిశోధకులు చూపించారు. క్యాన్సర్‌గా మారిన గడ్డలను చూస్తే, మన దేశంలో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకంలో నూటికి తొంభైకి పైగా గడ్డల్లో పీ53 చెడిపోయి ఉంటుంది. చావమని ఉత్తర్వు ఇచ్చేవాడే లేడన్నమాట. ఆ కణాల్లో కొన్ని బీసీఎల్-2ను, దాని బంధువులను ఎక్కువగా తయారుచేసుకుంటాయి. మామూలు కణమైతే తన చోటు వదిలి పక్క కణజాలంలోకి వెళ్లగానే చచ్చిపోవాలి. ఇవి చావవు. లింఫు గ్రంథిలో, కాలేయంలో కొత్త కాపురం పెడతాయి. క్యాన్సర్ పాకడం అంటే ఇదే.

పొగాకు ముట్టనివారికి రాదా అంటే వస్తుంది. ఏళ్ల తరబడి రక్తహీనతతో ఉండి, గొంతులో ముద్ద అడ్డుపడుతోందనే మహిళల్లో అన్నవాహిక పైభాగంలో సన్నటి పొర అడ్డంగా ఏర్పడుతుంది. వారిలో ఆ చోట క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఎప్పుడో ఆవేశంలో యాసిడ్ తాగి బతికి బయటపడినవారికి, అన్నవాహిక కింది తలుపు తెరుచుకోని ‘అకలేషియా’ జబ్బు ఉన్నవారికి ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత రావొచ్చు. యాసిడ్ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు, లేదా పరువు కోసం చెప్పరు. దయచేసి డాక్టరుకు చెప్పండి. ఏళ్లుగా గుండెల్లో మంట ఉన్నవారికి అన్నవాహిక కింది చివర అడినోకార్సినోమా అనే వేరే రకం వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో అదే ఎక్కువ.

భీమవరం కుర్రవాడి మందు

క్యాన్సర్ మందులు కణాలను ఎలా చంపుతాయి? విషం పెట్టి చంపినట్టు అని చాలామంది ఊహ. నిజానికి చాలా కీమో మందులు, రేడియేషన్ చేసేది కణాన్ని గట్టిగా దెబ్బకొట్టడం మాత్రమే. ఆ దెబ్బ చూసుకుని చచ్చిపోవాల్సింది కణమే. అంటే మందు పనిచేయాలన్నా లోపలి చావు యంత్రం ఎంతో కొంత నడుస్తూ ఉండాలి.

ఈ దారిలో తొలి అడుగుల్లో ఒకటి మనవాడిదే. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో కొంతకాలం చదివి, మద్రాసులో వైద్యం నేర్చి, 1920ల్లో అమెరికా వెళ్లారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, తర్వాత దాన్ని పోలిన నకిలీ పదార్థాలను కూడా. కణం విటమిన్ అనుకుని ఆ నకిలీని తీసుకుంటుంది. దానితో డీఎన్ఏ తయారుకాదు. అలాంటి మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రచురించారు. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు చనిపోయారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. డీఎన్ఏ తయారుకాని కణం అపోప్టోసిస్‌తో చస్తుందని చెప్పడానికి ఆ మాటే ఇంకా పుట్టలేదు. దానికి మరో 24 ఏళ్లు పట్టింది. అన్నట్టు, మన జిల్లాల్లో బోదకాలుకు ఊరూరా మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాల నుంచి వచ్చినదే. భీమవరంలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో!

అన్నవాహిక క్యాన్సర్‌కు వద్దాం. పాకకుండా, ఆపరేషన్‌కు వీలైన దశలో ఉన్నవారికి ముందుగా కీమో, రేడియేషన్ కలిపి ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేసే పద్ధతిని నెదర్లాండ్స్ వైద్యులు పరీక్షించి 2012లో ఫలితాలు చెప్పారు. 5 వారాల పాటు వారానికోసారి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్, మొత్తం 23 సిట్టింగుల రేడియేషన్. నేరుగా ఆపరేషన్ చేసినవారిలో సగం మంది 24 నెలలు బతికితే, ఇలా చేసినవారిలో సగం మంది 49 నెలలు బతికారు. స్క్వామస్ రకం ఉన్నవారిలో దాదాపు సగం మందికి, తీసిన అన్నవాహికను మైక్రోస్కోపు కింద వెతికితే బతికున్న క్యాన్సర్ కణం ఒక్కటీ దొరకలేదు. ఉత్తర్వు ఇచ్చే పీ53 చెడిపోయినా చావుకు వేరే దారులు మిగిలే ఉంటాయని దీన్నిబట్టి తెలుస్తోంది. మిగతా సగం మందిలో దెబ్బ తిన్నా చావని కణాలున్నాయి.

ఎవరి గడ్డ కరుగుతుందో, ఎవరిది మొండికేస్తుందో ముందే తెలుసుకోవచ్చా? పీ53, బీసీఎల్-2, బ్యాక్స్ ప్రొటీన్లకు రంగులు వేసి చూసిన పరిశోధనలు ఎన్నో ఉన్నాయి. ఒకరి ఫలితం ఇంకొకరితో కలవలేదు. అందుకే నా మాట సూటిగానే చెబుతాను. అన్నవాహిక క్యాన్సర్‌లో బీసీఎల్-2, బ్యాక్స్ పరీక్షల కోసం వేరే ఊరి ల్యాబులకు డబ్బు పంపకండి. వాటిని చూసి చికిత్స మారదు. పీ53 రంగు పరీక్షను పాథాలజిస్టు కొన్నిసార్లు అనుమానం తీర్చుకోవడానికి వాడుకుంటారు. అది ఆయన అవసరం. రిపోర్టులో ‘పీ53 పాజిటివ్’ అని చూసి మీరు ఆందోళన పడాల్సిన పని లేదు. బీసీఎల్-2ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ అనే మాత్ర 2016 నుంచి కొన్ని రక్త క్యాన్సర్లలో బాగా పనిచేస్తోంది. అన్నవాహికకు అది ఇంకా చికిత్స కాలేదు.

పేరులో చావు, పనిలో బ్రేకు

రిపోర్టులో అందరినీ బెదరగొట్టే ఆ పీడీ సంగతి ఇప్పుడు చూద్దాం. 1992లో జపాన్‌లోని క్యోటోలో తసుకు హోంజో బృందం, చనిపోతున్న కణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయా అని వెతుకుతుండగా ఒకటి దొరికింది. అది చావుకు సంబంధించినదే అనుకుని ‘ప్రోగ్రామ్డ్ డెత్-1’, అంటే పీడీ-1 అని పేరు పెట్టారు. తర్వాత తేలిందేమంటే, దాని అసలు పని చంపడం కాదు. అది మన రోగనిరోధక కణాల మీద ఉండే బ్రేకు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మన టి-కణాలు ఒంట్లో గస్తీ తిరుగుతూ తేడాగా ఉన్న కణాలను చంపుతాయి. చంపడమంటే మళ్లీ అపోప్టోసిస్‌లోకి నెట్టడమే. లోపలి నుంచి ఉత్తర్వు రాకపోతే బయటి నుంచి ఇస్తాయన్నమాట. ఆ గస్తీ మితిమీరి మన సొంత ఒంటినే కొట్టకుండా ఈ బ్రేకు ఉంది. కొన్ని క్యాన్సర్ కణాలు తమ ఒంటి మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను నిలబెట్టి, దగ్గరికొచ్చిన టి-కణం బ్రేకు నొక్కేస్తాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఆ నొక్కుడును అడ్డుకుంటాయి. ఇందుకు హోంజోకు, అమెరికాకు చెందిన జేమ్స్ అలిసన్‌కు 2018లో నోబెల్ వచ్చింది.

సీపీఎస్ అంటే ఆ ముక్కలో పీడీ-ఎల్1 ఎంత ఉందో చెప్పే లెక్క. క్యాన్సర్ ఏ దశలో ఉందో అది చెప్పదు, ఎన్నాళ్లు బతుకుతారో కూడా చెప్పదు. సీపీఎస్ 40 అని ఉంటే జబ్బు ముదిరిందని కాదు. ఈ ఇంజెక్షన్ల వల్ల మేలు జరిగే అవకాశం కొంత ఎక్కువని అర్థం. 10 లేదా అంతకు మించి ఉన్న, ఆపరేషన్‌కు వీలుకాని స్క్వామస్ రకం రోగులకు కీమోతో పాటు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చినప్పుడు సగం మంది 13.9 నెలలు బతికారు. ఉత్త కీమోతో 8.8 నెలలు. 2021లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ ప్రయోగం అంకెలివి. అయిదు నెలల తేడా. ఆ సగటు వెనక, రెండు మూడేళ్లు నిలబడినవారూ ఉన్నారు, ఏ మేలూ జరగనివారూ ఉన్నారు. ఇక పీడీ-ఎల్1 లెక్క 1 కూడా లేనివారికి ఈ మందుల వల్ల నష్టాన్ని మించిన లాభం కనిపించడం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సలహా ఇచ్చే నిపుణుల కమిటీ 2024 సెప్టెంబరులో ఓటు వేసింది.

ఈ అంకెలు ఇంత వివరంగా ఎందుకంటే, పూర్తి మోతాదులో ఈ ఇంజెక్షన్ల ఖర్చు లక్షల్లో ఉంటుంది. ‘ఎకరం అమ్మేద్దామనుకుంటున్నామండి, ఇంజెక్షన్ వేస్తే తగ్గిపోద్ది కదండీ?’ అని అడిగే కొడుకులు, అల్లుళ్లు ఉన్నారు. ఆ పొలం అమ్మాలా వద్దా అని ఏ డాక్టరూ చెప్పలేడు. కానీ అమ్మే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మా నాన్నగారి జబ్బు ఏ దశలో ఉంది, పూర్తిగా నయమయ్యే దశా, కొంతకాలం పొడిగించే దశా? పీడీ-ఎల్1 లెక్క ఎంత? ఈ ఇంజెక్షన్ లేకుండా, పథకం కింద వచ్చే కీమో, రేడియేషన్‌తో మాత్రమే వెళితే తేడా ఎన్ని నెలలు? మొహమాటపడకండి. సూటిగా అడిగితే సూటిగానే చెబుతారు.

మన దేశంలో ఈ ఖర్చు మీద మంచి ఆలోచనే జరిగింది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ ముదిరినవారికి నివోలుమాబ్‌ను మామూలు మోతాదులో పదో వంతు కన్నా తక్కువగా, మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. దానితో పాటు తక్కువ ఖరీదు మాత్రలు మూడు. మాత్రలు మాత్రమే వాడినవారిలో ఏడాదికి 16.3 శాతం మంది మిగిలితే, ఈ చిన్న మోతాదు కలిపినవారిలో 43.4 శాతం మంది మిగిలారు. 2023లో ప్రచురించిన ఫలితమిది. అన్నవాహికకు దీన్ని యథాతథంగా అన్వయించకూడదు, అక్కడ విడిగా రుజువు కావాలి. అయినా ఆ మూడు మాత్రల్లో ఒకటి ఏమిటో తెలుసా? వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్. భీమవరం సుబ్బారావు, క్యోటో హోంజో ఒకే చీటీ మీద కలిశారు.

ఈ ఇంజెక్షన్లు తీసుకునేవారి ఇంట్లోవాళ్లకు ఒక హెచ్చరిక. బ్రేకు తీసేస్తే గస్తీ కణాలు సొంత ఒంటి మీద పడొచ్చు. విరేచనాలు, ఆయాసం, దగ్గు, విపరీతమైన నీరసం, ఉన్నట్టుండి పెరిగిన షుగరు, థైరాయిడ్ తేడా, కామెర్లు. చివరి ఇంజెక్షన్ అయి నెలలు గడిచాక కూడా ఇవి రావొచ్చు. విశాఖలోనో హైదరాబాదులోనో ఇంజెక్షన్ వేయించుకుని, ఇక్కడికొచ్చాక విరేచనాలైతే వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర మాత్ర వేసుకుని ఊరుకుంటారు. అది పేగుపూత వాపు అయితే స్టెరాయిడ్లు త్వరగా మొదలుపెట్టాలి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు మాటగా ‘ఈ ఇంజెక్షన్ వాడుతున్నాం’ అని చెప్పండి, ఆ చీటీ చూపించండి.

ఎండోస్కోపీ అంటే భయం దేనికి?

గట్టి ముద్ద రెండు వారాలుగా అడ్డుపడుతుంటే ఎండోస్కోపీ చేయించుకోవాలి. వయసు యాభై దాటి, చుట్టో మందో అలవాటు ఉంటే అసలు వాయిదా వేయొద్దు. కారణం లేకుండా బరువు తగ్గడం, మింగితే నొప్పి, గొంతు బొంగురుపోవడం, నీళ్లు తాగితే పొలమారడం కూడా చూపించుకోవాల్సిన లక్షణాలే. గ్యాస్ మాత్రలతో మంట తగ్గినంత మాత్రాన ముద్ద అడ్డం పోదు. పైగా మాత్రల ఉపశమనం మరో రెండు నెలలు తినేస్తుంది.

ఎండోస్కోపీకి ఆరు నుంచి ఎనిమిది గంటలు ఖాళీ కడుపుతో రావాలి. గొంతుకు మత్తు మందు కొడతారు. పది నిమిషాల పని. కడుపు తిప్పినట్టుంటుంది, ఓర్చుకోవచ్చు. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందంటండీ’ అనే మాట ఇప్పటికీ వింటున్నాను. ఈ భయంతోనే రెండు మూడు నెలలు వాయిదా వేసి, ఆకుపసర్లతో గడిపి వచ్చేవారున్నారు. ముక్క తీయడం వల్ల అన్నవాహిక క్యాన్సర్ పాకదు. ఆ రెండు నెలల్లో పాకుతుంది. పై పొరకే పరిమితమైన మచ్చగా ఉన్నప్పుడు దొరికితే ఎండోస్కోపీ గొట్టంతోనే గీరి తీసేయొచ్చు. పొట్ట, ఛాతీ కోయక్కర్లేదు. నిరుటి నోటి క్యాన్సర్ చికిత్స అయినవారు, యాసిడ్ తాగిన చరిత్ర ఉన్నవారు, అకలేషియా ఉన్నవారు ఏ లక్షణం లేకపోయినా ఎండోస్కోపీ ఎప్పుడు చేయించుకోవాలో తమ డాక్టరును అడిగి ఉంచుకోవాలి.

ఆపరేషన్, కీమో, రేడియేషన్లు ఒకప్పుడు ఆరోగ్యశ్రీగా, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా పిలుస్తున్న పథకం కింద జరుగుతాయి. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. ముక్క పరీక్ష చేసిన చోట మైనపు దిమ్మె ఉంటుంది. దాన్ని కూడా అడిగి తీసుకోండి. పీడీ-ఎల్1 లాంటి పరీక్షలు తర్వాత దాని మీదే చేస్తారు, రోగికి మళ్లీ ముక్క తీసే బాధ తప్పుతుంది. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖపట్నం అగనంపూడిలోనే ఉంది. ముంబయి దాకా వెళ్లాల్సిన పని లేదు.

చివరగా తిండి సంగతి. చికిత్స మొదలయ్యేలోపే ఒళ్లు కరిగిపోతే కీమో తట్టుకోలేరు, రేడియేషన్ మధ్యలో ఆపాల్సి వస్తుంది. ముక్కు నుంచి గొట్టం వేస్తామన్నా, పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి పేగులోకి గొట్టం పెడతామన్నా ‘ఇంక ఆశ లేదా?’ అని కంటతడి పెట్టుకుంటారు. ఆశ ఉంది కాబట్టే ఆ గొట్టం. పాలు, గుడ్డు, వడకట్టిన పప్పు, రాగిజావ, కాస్త నూనె కలిపి రోజుకు ఆరేడుసార్లు పోయండి. పోసే ముందు, పోసిన తర్వాత అరగంట మంచం తలవైపు ఎత్తుగా ఉంచండి, లేకపోతే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొట్టంలో పోసిన ప్రతిసారీ చివర్లో అర గ్లాసు కాచి చల్లార్చిన నీళ్లు పోయాలి, లేదంటే రాగిజావ గట్టిపడి గొట్టం పూడుకుపోతుంది.